గౌతమిలో పడిన డ్రోన్

యానాం గురించి వ్రాసేవారంతా ఫ్రెంచివారితో మొదలుపెడతారు. 1723లో వారు వచ్చి వ్యాపారం పెట్టడం, 1954లో వారి జెండా దిగిపోవడం, 1962 ఆగస్టు 16న ఢిల్లీకీ పారిసుకీ మధ్య కాగితాలు పూర్తి కావడం, ఇవన్నీ మన పత్రిక చదివేవారికి కంఠోపాఠమే. బరంపురం నుంచో, బళ్ళారి నుంచో, షోలాపూరు నుంచో చుట్టాలు వచ్చినపుడు మేము కూడా వారిని ముందుగా 1846 నాటి సెయింట్ ఆన్స్ చర్చికే తీసుకువెళతాము. కాని యీసారి నీటితో మొదలుపెడతాము. ఎందుకంటే యానాం అసలు యజమాని గౌతమి. దొరలు వచ్చారు, పోయారు. గౌతమి అలాగే వున్నది.

ఈ నీటికి ఏడాదిలో మూడు రంగులు. వేసవిలో సముద్రపు పోటు ఎగదన్ని ఉప్పదనం వస్తుంది. అప్పుడు నీరు పచ్చగా వుంటుంది. కార్తీకం దాటాక తేరుకుని అద్దంలా వుంటుంది. ఈ రెంటికీ నడుమ, ఆషాఢం నుంచి భాద్రపదం వరకు ఎర్రనీరు. త్ర్యంబకంలో పుట్టి 1465 కిలోమీటర్లు నడిచి వచ్చే గోదావరి దారిలో వున్న మన్నునంతా కడిగి తెస్తుంది. ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట దాటి గౌతమీ వశిష్ఠలుగా చీలి, గౌతమి మా వైపు వస్తుంది. ఆ ఎర్రనీటికి ఎదురీది పులస వస్తుంది కనుక ఊరంతా ఆ రోజుల కోసం ఎదురుచూస్తుంది. పుస్తెలమ్మి అయినా పులస తినాలన్న సామెత మా వైపుదే. మేము పుస్తెలు అమ్మలేదుగాని ప్రావిడెంటు ఫండు కదిల్చిన సంవత్సరం ఒకటి వున్నది.

ఆ ఎర్రనీటిలో జానెడు లోతున వున్న చెయ్యి కూడా కనబడదు. అటువంటి నీటిలో పడిన ఒక చిన్న యంత్రాన్ని వెదికి తీసిన వైనమే యీ వ్యాసం.

మా ఉద్యోగం పుదుచ్చేరిలో. పుట్టిల్లు యానాం. పాలన ఒక్కటే అయినా నడుమ ఎనిమిదివందల కిలోమీటర్ల పైచిలుకు దూరం. అక్కడ రోజంతా అరవం మాట్లాడి, ఇక్కడికి వచ్చి రైలు దిగగానే “ఆయ్” అనడం మాకు అలవాటే. 2023 ఆగస్టులో మా అన్నగారి అమ్మాయి పెళ్ళి కుదిరింది. ఆ ఏడు అధిక శ్రావణం వచ్చింది కనుక పెళ్ళిళ్ళన్నీ నిజ శ్రావణంలోకి నెట్టుకుపోయి, ఎక్కడ చూసినా పందిళ్ళే. పెళ్ళికి ముందే వధూవరులను వాగుల్లో, తోటల్లో తిప్పి సినిమా తీయించడం యిప్పుడు తాంబూలాలంత ముఖ్యమైన తంతు అయిపోయింది గదా. మా పిల్లలూ పట్టుబట్టారు. ఆ సినిమాకు గౌతమి నడుమ పడవ కావలసివచ్చింది.

సినిమా తీసే కుర్రవాడు పక్క ఊరివాడే. ఇరవైయారేళ్ళుంటాయి. తండ్రి లేడు. తల్లి పేరు మీద అప్పు తీసుకుని వాయిదాల పద్ధతిలో డ్రోన్ కొన్నాడు. తొమ్మిదివందల గ్రాముల వస్తువు. నాలుగు రెక్కలు, కడుపులో ఒక కెమెరా. ఇంకా పదకొండు వాయిదాలు మిగిలి వున్నాయని తరువాత తెలిసింది. ఆ శ్రావణంలో అతనికి ఆరు పెళ్ళిళ్ళు ఒప్పుదల అయివున్నవి.

ఆ రోజు ఆగస్టు 24, గురువారం, శ్రావణ శుద్ధ అష్టమి. ముందురోజు సాయంత్రమే చంద్రయాన్ చంద్రుడి మీద మెత్తగా దిగింది. రేవులో టీ కొట్టు దగ్గర అదే ముచ్చట. మా అమ్మకు ఎనభై దాటాయి. మోకాళ్ళ నొప్పులతో రేవుకు వచ్చి ఆరేళ్ళయింది. మనుమరాలి సినిమాలో నేనూ వుంటానని ఆవిడ ఒక్కమాట అనేసరికి, కుర్చీలో కూర్చోబెట్టి నలుగురం మోసుకువెళ్ళి పడవలో దించాము. నదిలోకి వెళ్ళగానే ఆవిడ చెయ్యి నీటిలో ముంచి తల మీద చల్లుకున్నది. డ్రోన్ పైనుంచి అదంతా తీసింది. తరువాత పెళ్ళికూతురూ పెళ్ళికొడుకూ పడవ ముందు భాగాన నిలబడ్డారు. తరువాత వంతెన వైపు ఒకసారి, ఎదుర్లంక కొబ్బరితోపుల వైపు ఒకసారి పంపాడు. ఆ వంతెన 2002లో కట్టి బాలయోగిగారి పేరు పెట్టినది. అది రాకముందు అవతలి ఒడ్డుకు పంటు మీదనే దాటేవారము.

తిరుగుదారిలో గాలి ఎదురయింది. ఎదురుగాలిలో డ్రోన్‌కు బ్యాటరీ రెండింతలు ఖర్చు అవుతుందట. బ్యాటరీ మరీ అడుగంటితే, యజమాని చెప్పినా చెప్పకపోయినా, వున్నచోటనే కిందికి దిగిపోయేలాగ దాన్ని తయారుచేస్తారు. ఆకాశం మీద నుంచి రాయిలా ఎవరి నెత్తినో పడకుండా వుండడానికి అది మంచి ఏర్పాటే. కాని కింద వున్నది నేలా నీరా అన్న విచక్షణ దానికి లేదు. ఒడ్డుకు ఇంకా నూరు బారల దూరాన వుండగా అది చంద్రయాన్ దిగినంత మెత్తగా గౌతమి మీద దిగింది. రెండు క్షణాలు తేలింది. రెక్కలు నీటిని చిమ్మాయి. తరువాత ఎర్రనీరు మూసుకున్నది.

కుర్రవాడు చొక్కా విప్పి దూకబోయాడు.

పడవ నడిపే తాత అతని మెడ దగ్గర బనియను పట్టుకుని వెనక్కి లాగాడు. ఆ తాతకు డెబ్భై వుంటాయి. కోరంగి వైపు వాడు. చిన్నతనాన గుల్ల ఏరినవాడు. గుల్ల అంటే సున్నానికి కాల్చే గుల్ల. నీటి అడుగున బురదలోంచి కాళ్ళతో తడిమి, చేతులతో తీయాలి. పడవ గట్టిగా వూగింది. మా అమ్మ రామ రామ అన్నది. “పాటు లాగేస్తంది బాబూ, ఇప్పుడు దిగితే నిన్ను ఎతకాలి,” అన్నాడు తాత. ఆ కుర్రవాడు ఏడ్చాడు. పెళ్ళికొడుకు తరపువారు పడవలో వుండగా అలా ఏడవడం అతనికి ఎంత సిగ్గుగా వుండివుంటుందో మాకు తెలుసు గనుక అందరమూ వంతెన వైపు చూశాము.

పోటూ పాటూ అన్నవి సముద్రతీరాన పుట్టనివారికి కొంచెం చెప్పాలి. సముద్రం రోజుకు రెండుసార్లు పొంగి, రెండుసార్లు తీస్తుంది. పొంగినపుడు నీరు నదిలోకి ఎగదన్నుతుంది, అది పోటు. తీసినపుడు నది నీటిని కూడా కలుపుకుని లాగేస్తుంది, అది పాటు. వరదరోజుల్లో పోటు బలం తగ్గి, పాటు బలం పెరుగుతుంది. రెంటికీ నడుమ నీరు కాసేపు ఊపిరి బిగబట్టినట్లు నిలుస్తుంది. అమావాస్యకూ పౌర్ణమికీ యీ లాగుడు ఉధృతం. అష్టమి నవముల్లో మెత్తన. అంచేత కుర్రవాడి దురదృష్టంలో కొంత అదృష్టం వున్నది. పైగా ఆ ఏడు జూలై నెలాఖరున గోదావరికి పెద్ద వరద వచ్చినా, ఆగస్టు మొత్తం ఎండిపోయింది. దేశంలో 1901 తరువాత అంత పొడి ఆగస్టు లేదని వాతావరణ శాఖవారే ప్రకటించారు. నీటికి రంగు మిగిలిందిగాని కోపం తగ్గింది.

తాత దూకనివ్వలేదుగాని ఊరుకోనూ లేదు. ఇంజను ఆపి, గెడ దించి, పడవను అక్కడే నిలిపి, ఒక్కొక్కరినీ అడగడం మొదలుపెట్టాడు. “అది నీళ్ళలో పడ్డప్పుడు, దాని ఎనకాల ఏం కనపడ్డాదండి మీకు?” మాకు వంతెన స్తంభాల్లో ఒడ్డు నుంచి లెక్కకు మూడవది కనబడింది. పెళ్ళికొడుకుకూ అదే. ఒడ్డున నిలబడివున్న మా అన్నగారిని ఫోనులో అడిగితే, ఎదుర్లంక గట్టు మీద జంట కొబ్బరిచెట్లలో వంగిన చెట్టు అన్నారు. మా అమ్మ మాత్రం, నేను దాని వెనక చూడలేదురా, దాన్నే చూశాను అన్నది. పడవ నుంచి స్తంభానికి ఒక గీత, ఒడ్డు నుంచి వంగిన చెట్టుకు ఒక గీత. రెండు గీతలు కలిసేచోట తాత ఒక ఇటుకకు తాడు కట్టి దించి, తాడు కొసకు ఖాళీ నూనెడబ్బా కట్టి తేల్చాడు. చేపలవాళ్ళు వలలు వేసిన చోటు గుర్తుపెట్టుకునేది యిలాగేనట. మేము ఆఫీసులో ముప్పయి ఏళ్ళ నాటి ఫైలు ఎక్కడున్నదో చెప్పగలిగిన పాత దఫేదారును చూశాము. యిదీ ఆ జాతి విద్యే.

కుర్రవాడి ఫోనులో కూడా ఆధారం వున్నది. డ్రోన్ ఎగిరినంతసేపూ ఆకాశంలోని ఉపగ్రహాల సాయంతో తానెక్కడున్నదీ ఫోనుకు చెబుతూనే వుంటుంది. మాట ఆగిన చివరి చోటు పటంలో చుక్కగా మిగిలిపోతుంది. కళ్ళు తుడుచుకుని ఆ చుక్క తీసి చూపాడు. మా పడవ మీద ఫోను పట్టుకుని ఆ చుక్క దగ్గరికి వెళితే, నూనెడబ్బాకు ఒక పడవ పొడవు ఎడంలో వచ్చింది. తాత తల వూపాడేగాని ఆశ్చర్యపోలేదు.

ఆ రాత్రి మా ఇంట్లో సలహాలకు కొదువ లేకపోయింది. ఫ్రెంచివారి యానాంలో పుట్టినవారికి వాదన వెన్నతో పెట్టిన విద్య. ఒకరు అయస్కాంతం తాడుకు కట్టి దించమన్నారు. డ్రోన్ ఒళ్ళంతా ప్లాస్టిక్కు, తేలిక లోహాలు. మోటార్లలో వున్న కాస్త ఇనుము కోసం అయస్కాంతం అంటుకోదు, పాత మేకులే వస్తాయి అని కుర్రవాడే చెప్పాడు. ఒకరు పాతాళగరిగె అన్నారు. పూర్వం బావిలో బొక్కెన పడితే తీసే కొక్కేల గుత్తి ప్రతి వీధిలోనూ ఒక ఇంట వుండేది. అరవదేశంలో దానినే పాతాళ కరండి అంటారు. బావికి గోడలున్నాయి గనుక అక్కడ అది పనిచేస్తుంది. నదిలో కొక్కెం వస్తువును దొర్లించుకుపోయి ఇంకా లోతు బురదలో దిగగొడుతుందని తాత మాట. నీటిలో దించే కెమెరా ఒకటి పెళ్ళికొడుకు స్నేహితుడి దగ్గర వున్నది. దీపంతో సహా దించి చూశాము. టీ గ్లాసులోకి తొంగిచూసినట్లున్నది. పొగమంచులో కారు లైటు ఎంత పెద్దదైతే ఎదుట అంత తెల్లగోడ లేచినట్లే, ఎర్రనీటిలో దీపం పెంచినకొద్దీ ఒండ్రు రేణువులే వెలిగి, వాటి వెనక వున్నది ఇంకా మరుగుపడుతుంది.

ఇక ఆఖరు సలహా మా అన్నగారిది. పోలీసులకు ఫిర్యాదు ఇద్దామన్నారు. ఎవరికి ఇవ్వాలి? డ్రోన్ ఎగిరింది పుదుచ్చేరి గాలిలో. అవతలి ఒడ్డు ఆంధ్రప్రదేశ్ కోనసీమ జిల్లా. అది దిగిన నీరు ఏ ప్రభుత్వానిదో తేల్చేలోపు పెళ్ళికూతురికి పిల్లలు పుడతారు. ఇరవైరెండేళ్ళ గుమాస్తాగిరీ అనుభవం మీద చెప్పిన మాట గనుక అన్నగారు మారు పలకలేదు.

ఎర్రనీటిలో వెదకడం అనగానే గోదావరి మీద పుట్టినవారికి ఒకటే జ్ఞాపకం వస్తుంది. 2019 సెప్టెంబరు 15న పాపికొండలకు వెళుతున్న రాయల్ వశిష్ఠ అనే బోటు దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర వరదనీటిలో బోల్తాపడింది. 77 మంది వున్నారు; 26 మంది బతికి ఒడ్డు చేరారు. నేవీవారూ, విపత్తు దళంవారూ వచ్చారు. సోనారు, అంటే శబ్దం పంపి ప్రతిధ్వనిని బట్టి అడుగున వున్నది కనిపెట్టే యంత్రం, బోటు ఎక్కడున్నదో చూపింది. ఎర్రనీరైనా నల్లనీరైనా శబ్దానికి అడ్డు లేదు గదా. కాని చూపించడం వేరు, తీయడం వేరు. చివరకు దానిని ఒడ్డుకు లాగినది కాకినాడకు చెందిన ధర్మాడి సత్యంగారి బృందం. ఇనుప తాళ్ళు, లంగర్లు, ఒడ్డున ఒక ప్రొక్లెయినర్. మొదట తాళ్ళు తెగాయి, పట్టు జారింది, వరద పెరిగితే పని ఆపారు, తగ్గితే మళ్ళీ దిగారు. అక్టోబరు 22న బోటు పైకి వచ్చింది. ఆ రోజుల్లో మేము పుదుచ్చేరి ఆఫీసులో మధ్యాహ్నం అన్నం మాని టీవీ ముందు నిలబడ్డాము. అరవ మిత్రులు అడిగితే, ఆ నది మాది అని చెప్పాము. అంతకుమించి గొంతు పెగలలేదు.

ఆ రాత్రి మా తాతకూ అదే జ్ఞాపకం వచ్చింది కాబోలు, బేరం దగ్గర గట్టిగా పట్టుబట్టాడు. కుర్రవాడు, “తాతా, దొరికితే పదివేలిస్తాను,” అన్నాడు. పెళ్ళికొడుకు ఇంకో ఐదు కలుపుతామన్నాడు. తాత ఒప్పుకోలేదు. “దొరికినా దొరక్కపోయినా కూలి ఒకటేనండి. ముగ్గురు మనుషులు, ఒక పూట, పడవ ఆయిలు. దొరికితేనే డబ్బులంటే, కింద వున్నోడు ఇంకో గుక్క, ఇంకో గుక్క అనుకుంటాడు. పైకి రాడు.” మనిషికి వెయ్యి చొప్పున మూడువేలు, ఆయిలు ఖర్చు ఐదువందలు. అంతే. ఆ లెక్క మేమే ఒక కాగితం మీద వ్రాసి ఇచ్చాము. వ్రాస్తూ, మా ఆఫీసులో చూసిన టెండర్లలో యింత తెలివైన షరతు ఒక్కటీ లేదని అనుకున్నాము.

మరునాడు వరలక్ష్మీ వ్రతం. ఇంట్లో ఆడవారు కలశం పెడుతూంటే మేము ముగ్గురం మగవాళ్ళం రేవుకు వెళ్ళాము. తాత ధవళేశ్వరంలో వున్న అల్లుడికి అప్పటికే ఫోను చేశాడు. గేట్లు కొత్తగా ఎత్తలేదు. అక్కడ వున్నవి 175 గేట్లు. వాటిలో కొన్ని ఎత్తితే చాలు, కొన్ని గంటలకు యిక్కడ నీటి నడక మారిపోతుంది. పదింటికి పాటు తీసి నీరు నిలుస్తుందన్నాడు. తాత కొడుకు, మేనల్లుడు, వారిద్దరే దిగేవారు. తాత పడవలో తాడు పట్టుకుంటాడు.

ముందు ఒక ప్రయోగం చేశాడు. రేకు డబ్బాలో ఇసుక పోసి తొమ్మిదివందల గ్రాములు తూచమన్నాడు. దానికి సన్నతాడు కట్టి, నూనెడబ్బా పక్కన నీటిలో వదిలాడు. అడుగు తగిలేసరికి తాడు ఎంత వాలిందో చూశాడు. నిన్న సాయంత్రం నీరు యింతకంటె జోరు గనుక దానికి మరి రెండు బారలు కలిపి, వెదికే చోటును సముద్రం వైపు జరిపాడు. డ్రోన్ ఇసుక డబ్బాలా నిటారుగా మునగదు, ఆకులా వాలుతూ మునుగుతుందని కుర్రవాడు అన్నాడు. “అయితే ఇంకో బార,” అన్నాడు తాత.

లోతు రెండు నిలువులు. అడుగున లంగరు వేసి, దానికి ముడులు వేసిన తాడు కట్టారు; బారకొక ముడి. మొదటి ముడి పట్టుకుని ఒక చుట్టు తిరగాలి, రెండవ చెయ్యి బురద మీద విసనకర్రలా ఆడిస్తూ. చుట్టు పూర్తయితే రెండవ ముడి. కళ్ళు తెరిచినా లాభం లేదు గనుక మూసుకునే తిరుగుతారట. తెరిస్తే మనసు కళ్ళ వైపు పోయి వేళ్ళు మొద్దుబారుతాయని కొడుకు చెప్పాడు. ఇద్దరి నడుముకూ తాడు వున్నది. ఒక లాగు లాగితే బాగున్నాను, రెండు లాగితే దొరికింది, ఆపకుండా లాగితే పైకి తీయండి. ఒకరు కింద వుంటే రెండవవారు పడవ అంచున. నిమిషం దాటితే తాత తానే లాగేసేవాడు, వాడు తిట్టినా సరే.

మొదటి అరగంటలో వచ్చినవి వ్రాస్తే పాఠకులు నవ్వుతారు. ఒక స్టీలు గరిటె. నిమజ్జనం అయిన వినాయకుడి ఇనుప చట్రం. పిడికెడు నాణేలు, భక్తులు వేసినవి, కొన్ని 2015 పుష్కరాల నాటివి అయివుండవచ్చు. ఒక ఇత్తడి చెంబు కూడా వచ్చింది. నాణేలనూ చెంబునూ తాత కళ్ళకద్దుకుని మళ్ళీ నీటిలో వేశాడు. గరిటె మాత్రం వుంచుకున్నాడు. ఇనుప చట్రాన్ని పడవలో పెట్టించాడు, ఎవరి వలో చిరిగిపోతుందని.

నాలుగవ ముడి దగ్గర మేనల్లుడు పైకి వచ్చి, ఏదో గట్టిగా తగిలింది గాని కదిలిందన్నాడు. తాత మళ్ళీ దిగనివ్వలేదు. కొడుకును దించాడు. అప్పటికి నూనెడబ్బా నెమ్మదిగా మరో వైపు తిరగడం మొదలుపెట్టింది. నీరు నిలవడం అయిపోయి పోటు తలెత్తుతున్నదన్నమాట. కుర్రవాడు పడవ అంచు పట్టుకుని కూర్చున్నాడు. అతని వేళ్ళు తెల్లబడ్డాయి. తాత నూనెడబ్బా వైపు ఒక కన్ను, తాడు వైపు ఒక కన్ను వేసి, “ఇంకో రెండు మునకలు. ఆ మీద రేపే,” అన్నాడు. కుర్రవాడు రేపు అన్నమాట వినలేకపోయాడు. ఉప్పు కలిసిన నీటిలో గడిచే ప్రతి గంటా యంత్రాన్ని తినేస్తుందని అతనికి తెలుసు. అయినా నోరు తెరవలేదు. నిన్న మెడ దగ్గర బనియను పట్టుకున్న చెయ్యి ఎదుటనే వున్నది గదా.

రెండవ మునకలో తాడు రెండుసార్లు లాగింది.

పైకి వచ్చినది బురదముద్ద. రెక్క ఒకటి విరిగింది. కడుపులో కెమెరా ఊగుతున్నది. కుర్రవాడు దానిని ఒళ్ళోకి తీసుకోబోతే బ్యాటరీ సంగతి గుర్తొచ్చి ఆగాడు. ఈ లిథియం బ్యాటరీలు ఉప్పునీరు తాగితే లోలోపల కాలి, కొన్ని గంటల తరువాత కూడా మంట రేగవచ్చునట. దానిని ఊడదీసి, ఇసుక పోసిన రేకుడబ్బాలో పెట్టి, మనుషులకు దూరంగా ఒడ్డున వుంచాము. బియ్యంలో పాతిపెడితే తేమ లాగేస్తుందని మా అన్నగారు అన్నారు. బియ్యానికి అంత శక్తి లేదు. తడిసిన యంత్రానికి మొదటి మందు మంచినీటి స్నానం, రెండవది మీట నొక్కకుండా ఓపిక పట్టడం. ఆ రెండూ చేశాడు. లోపలి పలక అయినా దక్కలేదు. కాకినాడలో బాగుచేసేవారు విప్పి చూసి, మోటార్లలో రెండు పనికివస్తాయి, మిగతాది బరువుకే అన్నారు.

దక్కినది గోరంత కార్డు. దానిని మంచినీటిలో కడిగి, రెండు రోజులు నీడలో ఆరబెట్టి, ఫోటో స్టూడియోలో కంప్యూటరుకు పెట్టారు. చివరి ముక్క తెరుచుకోలేదు. తీస్తూ వుండగానే మునిగింది గనుక దానికి ముగింపు వ్రాసుకునే సమయం యంత్రానికి దొరకలేదట. మిగతావన్నీ వున్నాయి. పడవ, పెళ్ళికూతురు పైట, వంతెన, నీటిలో ముంచి తల మీద చల్లుకుంటున్న మా అమ్మ చెయ్యి. మా అమ్మ దానిని చూసి, నా జుట్టు యింత పలచబడిందా అని ఒక్కటే అన్నది.

వాయిదాల సంగతి. మా అన్నగారూ వియ్యాలవారూ కలిసి పెళ్ళి సినిమా సొమ్ము మొత్తం ముందే ఇచ్చేశారు. మిగిలిన ఐదు పెళ్ళిళ్ళకు అతను అద్దె డ్రోన్ తెచ్చి నడిపాడు; లాభం అద్దెకే పోయింది. ఇప్పటికీ ఆ పదకొండు వాయిదాలూ కట్టాడుగాని ఒక్కటీ తప్పలేదు. కొత్తది కొన్నాడని ఈ మధ్య తెలిసింది, ఈసారి పాతదాన్నే, కాస్త చవకగా. బ్యాటరీ సగానికి రాగానే వెనక్కి పిలుస్తాడట.

పెళ్ళయిన వారం రోజులకు కుర్రవాడు ఆ సినిమా పట్టుకుని తాత దగ్గరికి వెళ్ళాడు. మేమూ వెంట వున్నాము. తాత ఇంటి అరుగు మీద ఫోను పెట్టి చూపించాడు. తాత పెళ్ళికూతురిని చూడలేదు, మా అమ్మను చూడలేదు, తన పడవను కూడా ఒక్క క్షణమే చూశాడు. వంతెన వైపు డ్రోన్ వెళ్ళిన ముక్క దగ్గర ఆపమన్నాడు. పైనుంచి చూస్తే ఎర్రనీటి కింద లేతరంగు నాలుకలాగ ఒకటి కనబడుతున్నది. “ఈ మేట ఇంత దూరం వచ్చేసిందా?” అన్నాడు. డెబ్భై ఏళ్ళుగా ఆ నీటి మీద తిరిగినవాడు దానిని పైనుంచి చూడడం అదే మొదలు. వేలితో ఆ మేట అంచు వెంబడి గీసి, ఎక్కడ తెగిందో, ఎక్కడ లోతు మిగిలిందో కొడుకుకు చెప్పాడు. ఇంకోసారి వెయ్యమన్నాడు. మూడవసారి అయ్యాక, ఆ ముక్క ఒక్కటీ తన కొడుకు ఫోనుకు పంపమన్నాడు.